మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు: సీమ చేలల్లో అపోహలు – వాస్తవాలు

బుడ్డల పంట ఇంటికి చేరి, ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక గుత్తి, పామిడి, పత్తికొండ, తుగ్గలి వైపు ఎర్రచేలు ఖాళీ అవుతాయి. నవంబరు ఆఖరు నుంచి జనవరి దాకా నేల లోపల ఇంకా కాస్త తడి ఉంటుంది, ఎండా ఒంటిని కాల్చదు. పాత నాణేల మీద మక్కువ ఉన్నవాళ్లు డిటెక్టర్ బయటికి తీసేది ఈ రోజుల్లోనే. ఈ అభిరుచి గురించి మన జిల్లాల్లో తిరిగే మాటలు కొన్ని గుప్తనిధుల కథల నుంచి పుట్టాయి, కొన్ని యంత్రాలు అమ్మేవాళ్ల ప్రకటనల నుంచి వచ్చాయి. వాటిని నమ్మినవాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నారు, కేసుల్లో ఇరుక్కుంటున్నారు. అంతకంటే బాధాకరం, చరిత్ర చెప్పగలిగే నాణేలను చేజేతులా పాడుచేస్తున్నారు.

అపోహ: డిటెక్టర్ బంగారమా, వెండా, ఇనుమా అన్నది గుర్తుపట్టి చెబుతుంది

యంత్రానికి లోహం పేరు తెలియదు. నేల మీద ఆడించే పళ్లెం లాంటి కాయిల్‌లోని ఒక తీగచుట్ట సెకనుకు వేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. అది తగిలిన లోహంలో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి, వాటి జాడను రెండో చుట్ట అందుకుంటుంది. పంపిన సంకేతానికీ అందిన సంకేతానికీ మధ్య తేడాను లెక్కగట్టి యంత్రం తెర మీద ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెను లోహం ఒక్కటే నిర్ణయించదు. వస్తువు సైజు, మందం, ఆకారం, అది నేలలో పడుకుని ఉందా నిలబడి ఉందా అన్నవన్నీ దాన్ని మారుస్తాయి.

విజయనగర కాలపు బంగారు వరహా సుమారు 3.4 గ్రాములు. పణం అనే చిన్న బంగారు నాణెం అందులో పదో వంతే. అంత సన్నటి బంగారం, మాత్రల షీటు రేకు ఇంచుమించు ఒకే అంకె చూపిస్తాయి. రేకు గోల వద్దని కింది అంకెలన్నిటినీ మూసేస్తే పణం పక్కనుంచి వెళ్లినా యంత్రం పలకదు. దీనికి తిరగబడ్డ ఇబ్బంది ఇంకొకటి ఉంది. అరిగిపోయిన ఎద్దు లాడం, మడక కర్రు ముక్క, చదునైన సోడా మూత ఒక్కోసారి వెండి రూపాయి అంత పెద్ద అంకె వేస్తాయి. అనుమానం వస్తే అదే చోట నిలబడి 90 డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ కాయిల్ ఆడించాలి. నాణెం గుండ్రంగా ఉంటుంది కాబట్టి రెండు వైపుల నుంచీ దాదాపు ఒకే అంకె, ఒకే శబ్దం ఇస్తుంది. ఇనుము అయితే అంకె ఎగిరెగిరి పడుతుంది, శబ్దం ముక్కలవుతుంది, గురి కూడా పక్కకు జరుగుతుంది.

కొత్త యంత్రం చేతికి రాగానే ఇంటి పెరట్లో సొంత పట్టిక తయారుచేసుకోండి. రాగి కాలణా, చిల్లికాణీ, వెండి పావలా, వెండి మెట్టె, ఒక లాడం ముక్క, ఒక మాత్రల రేకు తీసుకుని ఒక్కొక్కటీ కాయిల్‌కు 10 సెంటీమీటర్ల దూరంలో ఆడించి అంకె రాసుకోవాలి. కంపెనీ ఇచ్చే పట్టిక వేరే దేశాల నాణేలకు తయారైంది, మన చేలల్లో అది పనికిరాదు.

అపోహ: దీంతో వజ్రాలు కూడా దొరుకుతాయి

దొరకవు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలకు జనం ఎందుకు వస్తారో మనందరికీ తెలుసు. ఆ వెతుకులాటలో కంటిచూపుదే పని. వజ్రం కార్బన్, దానిలో విద్యుత్తు పారదు, కాబట్టి డిటెక్టర్‌కు వజ్రమూ గులకరాయీ ఒకటే. వజ్రాల డిటెక్టర్ అని ఎవరైనా అమ్మితే అది మోసమే.

అపోహ: పది అడుగుల లోతు వరకు పసిగడుతుంది

మామూలు డిటెక్టర్‌కు 11 అంగుళాల కాయిల్ ఉంటే, కాలణా అంత నాణెం అనుకూలమైన నేలలో 20 సెంటీమీటర్ల వరకు వినిపిస్తుంది. ఇనుము పాలు ఎక్కువున్న ఎర్రనేలలో అదీ తగ్గుతుంది. పణం లాంటి చిన్నది నాలుగైదు సెంటీమీటర్లు దాటితే కష్టం. పెద్ద కాయిల్ పెద్ద బిందెను లోతు నుంచి పట్టగలదు గానీ చిన్న నాణేలను పోగొడుతుంది. రెండు కడ్డీలు చేతపడితే అవి కిలోమీటరు దూరంలోని బంగారం వైపు తిరుగుతాయని చెప్పే లాంగ్ రేంజ్ పరికరాలకు భౌతికశాస్త్రంలో ఏ ఆధారమూ లేదు.

అపోహ: ఎంత లోతులో ఉంటే అంత పాతది

నల్లరేగడి ఈ మాటను నిలువునా అబద్ధం చేస్తుంది. ఎండాకాలంలో ఆ నేల నెర్రెలు బారుతుంది, పైన పడిన నాణెం ఆ నెర్రెలోకి జారుతుంది, వానలకు నేల ఉబ్బి మూసుకుంటుంది. నిన్న మొన్నటి రూపాయి అడుగు లోతున, రెండు వందల ఏళ్ల కాసు పైపైన ఉండొచ్చు. ఎర్రచేలల్లో ట్రాక్టర్ మడక ఏటా మట్టిని తిరగేస్తుంది కాబట్టి అక్కడా లోతు కాలాన్ని చెప్పదు. పైగా చలికాలంలో నల్లరేగడిలో శనగ నిలిచి ఉంటుంది, ఆ చేలల్లో అడుగు పెట్టనే కూడదు.

అపోహ: అయస్కాంతానికి అంటితే పాత నాణెం కాదు

రాగి, కంచు, వెండి నాణేలు అంటవు, అంతవరకు నిజం. కానీ 1947 నాటి జార్జి రాజు బొమ్మ రూపాయి స్వచ్ఛమైన నికెల్, అది అయస్కాంతానికి చక్కగా అంటుకుంటుంది. 1950లో వచ్చిన తొలి గణతంత్ర రూపాయి కూడా అంతే. 1988 తర్వాత వచ్చిన స్టీలు పావలాలు, 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయలు అంటుతాయి. డిటెక్టర్ వాటిని చాలాసార్లు ఇనుముగానే లెక్కేస్తుంది. పుష్కరాలప్పుడు తుంగభద్రలో వేసిన రూపాయల మీద మంచి యంత్రం కూడా తడబడేది ఇందుకే.

అపోహ: యంత్రం ఖరీదైనదైతే చాలు, నైపుణ్యం అక్కర్లేదు

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది నెల తిరక్కుండానే యంత్రాన్ని అటక మీద పెట్టేది ఈ అపోహ వల్లే.

మొదటి పని గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల నుంచే వచ్చే సంకేతాన్ని యంత్రం పట్టించుకోకుండా సర్దడం. లోహం లేని చోట చూసుకుని, కాయిల్‌ను నేలకు 3 సెంటీమీటర్ల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తు వరకు పైకీ కిందికీ ఆడిస్తూ నేల శబ్దం చదునయ్యేదాకా సరిచేయాలి. ఎర్రమట్టి నుంచి గరుసు నేలకు, గట్టు నుంచి చేలోకి మారిన ప్రతిసారీ మళ్లీ చేయాలి. ఇది మానేస్తే ఇనుప పాలున్న ప్రతి ఎర్రరాయీ నాణెంలా మోగుతుంది.

రెండోది సెన్సిటివిటీ, అంటే యంత్రం ఎంత చిన్న సంకేతానికి పలకాలన్న అమరిక. చివరిదాకా పెంచితే లోతు పెరుగుతుందని అనుకుంటారు. బోరు మోటారు, ట్రాన్స్‌ఫార్మర్, పైన కరెంటు తీగలు ఉన్న చోట అలా చేస్తే యంత్రం ఊరికే అరుస్తుంది, ఆ గోలలో అసలు సంకేతం మునిగిపోతుంది. కాయిల్ కదలకుండా పట్టుకుని, శబ్దం ఆగేదాకా తగ్గించాలి. యంత్రం పంపే సంకేతం ఫ్రీక్వెన్సీ ఛానల్ మార్చే వీలుంటే ముందు అది ప్రయత్నించాలి.

మూడోది ఊపు. కాయిల్ నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, రెండు చివర్లలోనూ పైకి లేవకుండా, నెమ్మదిగా తిరగాలి. ఒక్కో ఊపు ముందు ఊపులో సగాన్ని కప్పాలి. కాయిల్ కింది క్షేత్రం లోతుకు పోయేకొద్దీ సన్నబడుతుంది, సగం కప్పకపోతే లోతున ఉన్నవి మధ్యలో మిగిలిపోతాయి. బుడ్డల మోళ్లు, కంప ఉన్న చోట కాయిల్ ఎత్తి పట్టాల్సి వస్తుంది, ఎత్తినంత లోతు పోయినట్టే. అందుకే గుంటక పాసిన చేను మేలు.

నాణేలు ఎక్కడ పడ్డాయంటే మనుషులు కూర్చున్న, వంగిన, బేరమాడిన చోట. పాత కల్లాలు, బండ్ల బాట అంచులు, దిగుడుబావి గట్లు, ఒకప్పుడు సంత జరిగిన చేలు. మన ప్రాంతాన్ని నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక మద్రాసు నాణేలు ఈ సంతలకు చేరాయి. సింహాలున్న కంపెనీ ముద్ర, 1808 సంవత్సరం ఉన్న పది, ఇరవై క్యాష్ (కాసు) రాగి బిళ్లలు అలాంటివే. అంతకు ముందు తరంలో గుత్తిలో టిప్పు సుల్తాన్ టంకశాల ఉండేది. ఆ ఊరి పేరు ఆ నాణేల మీద ఫైజ్ హిసార్ అని ఉంటుంది, ఒకవైపు ఏనుగు ఉంటుంది.

తవ్వేటప్పుడు సంకేతం నడిమధ్యలో పార దించకూడదు, నాణెం మీద గీత పడుతుంది. ఒక జానెడు పక్కనుంచి మట్టి ఎత్తి, గోనెపట్టా మీద పోసి, గుంతనూ మట్టినీ రెండింటినీ మళ్లీ యంత్రంతో చూడాలి. చేయి పెట్టేముందు కర్రతో కదపాలి, తేళ్లూ కట్లపాములూ రాళ్ల సందుల్లో, గట్ల బొరియల్లో ఉంటాయి. సుతిలి చుట్టిన ఉండ, మూత బిగించిన డబ్బా కనబడితే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి 112కు ఫోన్ చేయాలి. అడవి పందుల కోసం పెట్టిన నాటుబాంబు కావచ్చు. చివరికి గుంత పూడ్చి, తొక్కి, ఏరిన రేకూ ఇనుమూ వెంట తీసుకెళ్లాలి.

అపోహ: మా చేలో దొరికింది, మాదే

1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న విలువైనది ఏదైనా నిధే, దాని విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, సుమారు విలువెంత, ఎక్కడ, ఏ రోజు అన్నవి అందులో ఉండాలి. దాన్ని ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తామని పూచీ ఇవ్వాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దాచడానికి సాయపడిన చేను యజమానికి ఆరు నెలల వరకు.

చాలామందికి తెలియనిది రెండో సగం. నిధికి పాత హక్కుదారులెవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాళ్లకు నాలుగింట మూడు వంతులు, చేను యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. చెబితే అంతా పోతుందన్న భయంతో కరిగించేసే కంసాలి కొలిమి దాకా పోవలసిన పని లేదు.

ఇది కాక, 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించకూడదు, వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి.

ఆచరణలో మేము గట్టిగా చెప్పేది ఇది. సొంత చేను, లేదా యజమాని సంతకంతో అనుమతి ఉన్న పట్టా భూమి మాత్రమే. పోరంబోకు, అటవీ భూమి, చెరువు గర్భం వద్దు, వాటికి ఊళ్లోవాళ్లు ఇచ్చే అనుమతి చెల్లదు. పగలే వెళ్లాలి, సర్పంచికీ వీఆర్వోకూ ముందే చెప్పాలి. మడక తిరిగే లోతు దాటి తవ్వకూడదు. ఒకేచోట రెండు మూడు నాణేలు, కుండ పెంకులు, బూడిద కనిపిస్తే అక్కడితో చేయి ఆపి, ఫోటో తీసి, మట్టి కప్పి, తహసీల్దారుకు, పురావస్తు శాఖకు చెప్పాలి. కుండలో ఏ నాణెం ఏ నాణెం పక్కన ఉందో తెలిస్తే అది ఎప్పుడు పాతిపెట్టారో చెప్పవచ్చు. బయటికి పీకాక ఆ సంగతి ఇక ఎవరూ చెప్పలేరు.

అపోహ: కోట పక్కన, గుడి పక్కన వెతికితేనే ఫలితం

గుత్తి కోట, గండికోట, సిద్ధవటం కోట, కర్నూలు కొండారెడ్డి బురుజు, ఎర్రగుడి అశోక శాసనాల బండలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రక్షిత స్థలంలో అనుమతి లేని తవ్వకం నేరం. 2010 సవరణ తర్వాత చుట్టూ 100 మీటర్లు నిషేధిత, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ మొత్తం 300 మీటర్లలోకి డిటెక్టర్ పట్టుకుని అడుగే పెట్టకండి. అమావాస్య రాత్రి గుడి బండలు పెకలించేవాళ్లు చేసేది దొంగతనం, విధ్వంసం. వాళ్ల వల్లే పగలు అనుమతితో తిరిగేవాళ్లను కూడా ఊరు అనుమానంగా చూస్తోంది.

అపోహ: చింతపండుతో తోమితే విలువ పెరుగుతుంది

తోమిన రోజే దాని విలువ పడిపోతుంది. రాగి మీద ఏళ్ల తరబడి ఏర్పడిన గోధుమరంగు, ముదురాకుపచ్చ పొరలోనే అక్షరాల అంచులు నిలిచి ఉంటాయి. చింతపండు, నిమ్మ, పీతాంబరి ఆ పొరను తినేస్తాయి, మిగిలేది మెరిసే నున్నటి బిళ్ల. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజుకోసారి నీళ్లు మార్చి, మెత్తబడిన మట్టిని వెదురు పుల్లతో తీయడం వరకే మన పని. చేలో బట్టతో రుద్దడం కూడా తప్పే, ఇసుక రేణువులు గీతలు పెడతాయి.

లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది క్లోరైడ్ జబ్బు. మామూలుగా వాడే పొటాష్ ఎరువు పొటాషియం క్లోరైడే, అది వేసిన చేలల్లోని రాగికి ఇది ఎక్కువ ముప్పు. అలాంటి నాణేన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పొడిగా ఉంచాలి. పీవీసీ ఆల్బమ్ కవర్లు వద్దు, వాటి నుంచి వచ్చే జిగురు నాణెం మీద పచ్చగా పేరుకుంటుంది.

అపోహ: పాత నాణెం అంటే లక్షలు

రాముడి పట్టాభిషేకం, హనుమంతుడి బొమ్మలతో 1818 ఈస్టిండియా కంపెనీ అర్ధణా అని తిరిగేవి కంపెనీ నాణేలు కావు. కంపెనీ అలాంటివి ముద్రించలేదు, అవి తర్వాత చేసిన బిళ్లలు. బియ్యాన్ని లాగే రైస్ పుల్లింగ్ చెంబు, నాణెం అన్నవి పచ్చి మోసాలు. పాత నాణెం కొంటామని ముందు ఫీజు, పన్ను కట్టమనేవాళ్ల గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. చిల్లికాణీలు 1943 నుంచి 1947 దాకా కోట్ల సంఖ్యలో ముద్రించారు, వాటికి పెద్ద ధర ఉండదు.

అపోహ: అరిగిపోయిన కాసు దేనికీ పనికిరాదు

అమ్మకానికి పనికిరాకపోవచ్చు. కానీ ఫలానా ఊరి ఫలానా కల్లంలో టిప్పు పైసా, దాని పక్క చేలో మద్రాసు కాసు దొరికాయని రాసిపెట్టిన కాగితం, ఆ బాటలో సంతకు ఎవరు ఏ డబ్బుతో వచ్చారో పరిశోధకులకు చెబుతుంది. ఒక్కో నాణేన్ని ఒక్కో కాగితం కవర్లో పెట్టి, పైన పెన్సిల్‌తో తేదీ, ఊరు, సర్వే నంబరు, ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలు, లోతు సెంటీమీటర్లలో, మట్టి రంగు, గ్రాముల్లో బరువు, మిల్లీమీటర్లలో వ్యాసం రాయండి. స్కేలు పక్కన పెట్టి రెండు వైపులా ఫోటో తీయండి. కలెక్టర్‌కు ఇచ్చే కాగితానికి ఒక ప్రతి జతచేసి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.