బయోగ్యాస్ ప్లాంటు ఫీడింగ్ స్క్రూల మరమ్మతు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు లారీ గేర్ బాక్సులతో పాటు బయోగ్యాస్ ప్లాంట్ల ఫీడింగ్ స్క్రూలు, అంటే షాఫ్టు చుట్టూ మెలితిరిగిన రెక్కలతో సరుకును ప్లాంటులోకి తోసే మరలు, కూడా వస్తుంటాయి. వచ్చేసరికి చాలావాటి రెక్కల అంచులు కత్తిలా పలచబడి, షాఫ్టు చుట్టూ అరటినార బిగుసుకొని ఉంటుంది. తెచ్చినవారు చెప్పే మాటలు ఇంచుమించు ఒకటే కాబట్టి, వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: గడ్డి, పేడ, కుళ్లిన కూరగాయలు మెత్తనివి, అవి ఉక్కునేం అరగదీస్తాయి?

వరిగడ్డిలోనే సిలికా ఉంది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. దానికి తోడు, కోతయంత్రం వదిలిన గడ్డిని బేలర్ మడిలోంచి ఎత్తేటప్పుడు మట్టిని కూడా కట్టలో చుట్టేస్తుంది. పాకలో పారతో గీకి ఎత్తిన పేడలో ఇసుక ఎంతుందో తెలియాలంటే, కొంచెం పేడను బకెట్టు నీళ్లలో బాగా కలిపి, కాసేపాగి పైతేట వంచేస్తే అడుగున కనబడుతుంది. రైతుబజారు వ్యర్థమైతే సరుకు పోసే తొట్టి అయిన హాపర్‌లోనే పులిసి ఆమ్లాలు పుట్టిస్తుంది. ఆమ్లం లోహం పైపొరను తినడం, ఇసుక ఆ పొరను గీకేయడం, అడుగున బయటపడిన తాజా లోహం మళ్లీ ఆమ్లానికి చిక్కడం ఎడతెగకుండా సాగుతాయి కాబట్టి, ఈ రెండూ విడివిడిగా చేసే నష్టం కంటే కలిసి చేసే నష్టమే ఎక్కువ. స్క్రూ రాగానే ‘ఇందులో ఏం వేస్తున్నారు?’ అని నేను ముందుగా అడిగేది అందుకే.

అపోహ: స్టెయిన్‌లెస్ రెక్కలు వేయిస్తే ఇక అరగవు.

స్టెయిన్‌లెస్ తుప్పుకు ఆగుతుంది గానీ ఇసుకకు ఆగదు. 304 రకం కాఠిన్యం బ్రినెల్ కొలతలో సుమారు 200 లోపే. అరుగుదలను తట్టుకోవడానికే తయారైన ప్లేట్లలో అది 400 నుంచి 500 వరకు ఉంటుంది. హోటళ్లలో మిగిలిన అన్నం వేసే చిన్న ప్లాంటుకు స్టెయిన్‌లెస్ మంచిదే. మట్టిగడ్డికి మాత్రం డబ్బు దండగ.

అపోహ: హార్డ్‌ఫేసింగ్ (అరుగుదలకు ఆగే గట్టి లోహాన్ని వెల్డింగ్‌తో పైన పూయడం) ఎంత మందంగా వేస్తే అంత మన్నిక.

క్రోమియం కార్బైడ్ రాడ్‌తో వేసిన పూత సాధారణంగా రెండు మూడు పొరలు దాటితే పెచ్చులుగా ఊడుతుంది. అందుచేత అరిగిన లోతును ముందు లో-హైడ్రోజన్ రాడ్‌తో నింపి, గట్టి పూతను పైన మాత్రమే, అదీ బయటి అంచున, సరుకును తోసే ముఖం మీద వేయాలి. ఆ పూత మీద అడ్డంగా సన్నని పగుళ్లు చూసి పని చెడిందని గొడవపడేవారున్నారు; చల్లారేటప్పుడు పూత తనలోని ఒత్తిడిని అలా వదిలించుకుంటుంది, పగులు అడుగు లోహంలోకి దిగనంతవరకు అది దోషం కాదు. రెక్క మందం సగానికి పైగా పోయినచోట నింపే ప్రయత్నం మాని, ఆ చుట్టును కోసి కొత్తది వేయడం నా పద్ధతి.

వేడి సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. కొన్నేళ్ల కిందట గుంటూరు వైపు ఒక ప్లాంటు స్క్రూకు మేమే ఒక కొస నుంచి రెండో కొస వరకు ఏకబిగిన వెల్డింగ్ చేసి పంపాం. రెక్కలు చూడముచ్చటగా ఉన్నాయి గానీ, వేడికి షాఫ్టు వంగింది. పది రోజుల్లో రెక్కలు లైనర్‌ను (స్క్రూ చుట్టూ ఉండే లోపలి పొరను) ఒకే వైపున చారలుగా గీరి, కొస బేరింగ్ సీలును కూడా పాడుచేశాయి. ఆ ఖర్చంతా మేమే భరించాం. ఇప్పుడు చుట్టు విడిచి చుట్టు వేస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ, చివరకు లేత్‌పై తిప్పి డయల్ గేజ్‌తో వంకర చూశాకే షెడ్డు దాటిస్తున్నాం.

అపోహ: పంపు నుంచి స్లరీ (నీళ్లతో జారుగా కలిసిన సరుకు) తగ్గితే స్పీడు పెంచితే చాలు.

స్క్రూ పంపులో ఉక్కు రోటరు రబ్బరు స్టేటరులో, అంటే కదలని గొట్టంలో, బిగుతుగా తిరగాలి. రబ్బరు అరిగితే స్లరీ సందులోంచి వెనక్కి జారుతుంది. స్పీడు పెంచితే ఇసుక ఆ సందును ఇంకా త్వరగా పెద్దది చేస్తుంది. స్టేటరు మార్చాలి. మార్చే ముందు రోటరు మీద గోరు నడిపి చూడండి. గరుకు తగిలితే క్రోమియం పూత లేచిపోయినట్టే. ఆ రోటరు కొత్త రబ్బరునూ తినేస్తుంది.

అపోహ: మరమ్మతుకు రెండు రోజులు ఫీడింగ్ ఆపితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

గ్యాస్ తయారయ్యే ట్యాంకు అయిన డైజెస్టర్‌లో సరుకు సాధారణంగా కొన్ని వారాలు నిలుస్తుంది కాబట్టి రెండు రోజులకు గ్యాస్ తగ్గుతుంది, అంతే. ఆగిన రోజుల బకాయిని ఒకేసారి వేస్తేనే ఆమ్లాలు పేరుకొని, మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. సగం మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి.

అపోహ: వాసన రాకపోతే గ్యాస్ లేనట్టే, అక్కడే వెల్డింగ్ చేసేయవచ్చు.

ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) దాటేసరికి ముక్కు దానిని పసిగట్టడం మానేస్తుంది. ప్రాణానికి ముప్పుగా లెక్కించే మోతాదు కూడా అదే. మీథేన్‌కు అసలు వాసనే లేదు, గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాస్ డిటెక్టర్ రీడింగ్ చూడకుండా, మోటారు మెయిన్‌కు తాళం వేసి ఆ తాళంచెవిని దిగే మనిషి జేబులో పెట్టకుండా మా కుర్రాళ్లు హాపర్‌లోకి దిగరు. స్క్రూను విప్పి ఆటోనగర్‌కు తేవడానికి క్రేను, లారీ కిరాయి దండగ కదా అని బేరమాడే యజమానులకు ఆ ఖర్చు బిల్లులో విడిగా రాసిస్తాను, తగ్గించను.