పాకం ముట్టని తేనెటీగలు

చిట్టీ, నానీ,

"స్వీటు పెడితే ఎవరైనా వద్దంటారా తాతయ్యా? ఆ రెండో పెట్టెలో తేనెటీగలు పాకం ఎందుకు తాగట్లేదు?" అని మొన్న వీడియో కాల్‌లో అడిగారు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

మీ గుంటూరులో చలికాలం అంటే పొద్దున స్వెటర్ వేసుకుని పదింటికల్లా విప్పేయడం. ఇక్కడ మిషిగన్‌లో నవంబరు నుంచి మార్చి దాకా ఈగలకి పనికొచ్చే పువ్వు ఒక్కటీ దొరకదు. అయినా అవి నిద్రపోవు. రాణిని మధ్యలో పెట్టుకుని బంతిలా ముద్దకట్టి, రెక్కల కండరాలను వణికిస్తూ వేడి పుట్టించుకుంటాయి. ఆ పొయ్యికి కట్టెలు తేనే. ఒక్కో పెట్టె చలికాలం దాటాలంటే 30 నుంచి 40 కిలోల తేనె ఉండాలి. సెప్టెంబరులో పెట్టెలను వెనక నుంచి కాస్త ఎత్తి చూశాను. మొదటిది కదల్లేదు. రెండోది ఖాళీ బిందెలా లేచింది. నాకు టెన్షన్ పట్టుకుంది.

అందుకే 2 కిలోల పంచదారకి 1 లీటరు నీళ్ల లెక్కన పాకం కలిపాను. చలికి ముందు ఇచ్చే పాకం చిక్కగా ఉండాలి. ఈగలు దాన్ని రెక్కలతో విసిరి, నూటికి 18 వంతుల నీరు మిగిలేదాకా ఆరబెట్టి, అప్పుడు మైనంతో మూతేస్తాయి. పల్చగా ఇస్తే వాటి ఓపికంతా ఆరబెట్టడానికే సరిపోతుంది. నానీ, "బెల్లం పెట్టొచ్చుగా" అన్నావు. పెట్టకూడదమ్మా. బెల్లంలో వాటికి అరగని పదార్థాలుంటాయి. ఈగలు గూట్లో మలం వెయ్యవు, వెచ్చటి రోజు కోసం వారాల తరబడి ఆపుకుంటాయి. బెల్లం తింటే ఆపుకోలేక గూడంతా పాడై జబ్బు పడతాయి. అందుకే తెల్ల పంచదారే మంచిది. దాన్ని వేడినీళ్లలో కరిగించాలి, పొయ్యి మీద పెట్టి మాడనివ్వకూడదు.

పాకం పెట్టి వారం గడిచినా జాడీ అలాగే ఉంది. ఈగ ముట్టలేదంటే ఏదో కారణం ఉంటుంది. పువ్వులుంటే పాకం జోలికి రాదు, మకరందమే దానికి ఇష్టం. కానీ అప్పటికి ఇక్కడి గోల్డెన్‌రాడ్, ఆస్టర్ పూలు రాలిపోయాయి. రాణి లేకపోతే గూడు డీలాపడి పాకం మీద ఆసక్తి పోవచ్చు. ఎండగా ఉన్న మధ్యాహ్నం పెట్టె తెరిచి చూశాను. గదుల్లో బియ్యపుగింజ కన్నా సన్నటి గుడ్లు నిలబడి ఉన్నాయి. అంటే రాణి ఉంది. పేనులా ఒంటికి పట్టుకునే వరోవా అనే పురుగు సోకిన ఈగలు కూడా నీరసిస్తాయి, దానికి ఆగస్టులోనే మందు పెట్టాను.

అసలు తప్పు నాదే. ఆ పెట్టెకి రెండు అంతస్తులున్నాయి. ఈగలు కింది అంతస్తులో ఐదు చట్రాల మీద ఉన్నాయి, అంటే అవి మైనపు గదులు కట్టుకునే చెక్క ఫ్రేముల మీద. నేను జాడీని వాటికి దూరంగా, ఖాళీగా ఉన్న పై అంతస్తు మీద పెట్టాను. రాత్రి చలికి పాకం చల్లబడిపోయింది. 10 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న పాకాన్ని ఈగలు తాగలేవు. పైగా వాసన చూస్తే పులిసింది.

దాన్ని పారబోసి జాడీ కడిగాను. ఖాళీగా ఉన్న పై అంతస్తు తీసేశాను. గోరువెచ్చటి పాకం పోసి, మూతకి సన్నటి మేకుతో ఐదారు చిల్లులు పెట్టి, ఈగల ముద్దకి సరిగ్గా పైన బోర్లించాను. చట్రాల మీద నాలుగు చుక్కలు చిలకరించాను, రుచి తగిలితే దారి పడుతుందని. పాకంలో రెండు చుక్కల నిమ్మగడ్డి నూనె కూడా వేశాను. ఈగలు తమవాళ్లని పిలిచేటప్పుడు వదిలే వాసన దాదాపు అలాగే ఉంటుంది. కొన్న తేనె మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు, అందులో వేరే గూళ్ల రోగాలు దాగి ఉండొచ్చు.

ఇదంతా సాయంత్రం పూట చేశాను. పగలు ఒక్క చుక్క బయట ఒలికినా మొదటి పెట్టె ఈగలు వాసన పట్టి దోపిడీకి దిగుతాయి. రెండో పెట్టె వాకిలిని కూడా వేలెడంత సందుకి తగ్గించాను.

తెల్లారి చూస్తే పాకం రెండు వేళ్ల మేర దిగింది! జాడీకి చెవి ఆనిస్తే సన్నటి గరగర వినిపించింది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నిన్నటికి నాలుగు జాడీలు ఖాళీ అయ్యాయి. పెట్టె ఇంకా తేలిగ్గానే ఉంది. వచ్చే వారం మంచు పడుతుందంటున్నారు. అప్పుడు పాకం ఆపేసి, చట్రాల మీద న్యూస్‌పేపర్ పరిచి పొడి పంచదార పోస్తాను. ఈగల ఊపిరి తేమకే అది నెమ్మదిగా కరుగుతుంది. ఆదివారం కాల్‌లో చూపిస్తాను, ఇద్దరూ పొద్దున్నే లేవండి.

మీ
తాతయ్య