డెస్క్‌టాప్ మెనూలు, లాంచర్లు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేటల్లోని నెట్ సెంటర్లకూ శిక్షణ కేంద్రాలకూ పాత కంప్యూటర్ల మీద లినక్స్, దానిపై ఓపెన్‌బాక్స్ అనే విండో మేనేజర్ (తెరపై కిటికీలనూ మెనూనూ చూపే తేలికైన ప్రోగ్రామ్) అమర్చి ఇవ్వడం నా వృత్తి. అక్కడ కూర్చునేవారికి రోజంతా కావలసినవి బ్రౌజర్, స్కానర్, ప్రింటర్, దరఖాస్తుల ఫోల్డర్ వంటి నాలుగైదే కనుక, ఆ నాలుగైదింటినీ వారి పనుల పేర్లతో మెనూలో పెట్టడమే నేను చేసే మార్పులన్నిటిలోకీ ఉపయోగకరమైనదని నమ్ముతాను. దానికి అడ్డు తగిలేవి ఈ అపోహలు.

అపోహ: మెనూ మార్చాలంటే ప్రోగ్రామింగ్ రావాలి, పొరపాటు జరిగితే సిస్టమ్ పాడవుతుంది.

వాస్తవం: ఓపెన్‌బాక్స్ మెనూ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. అందరికీ వర్తించే మూలప్రతి సిస్టమ్ ఫోల్డర్‌లో ఉంటుంది. దానిని ముట్టుకోకుండా నకలు తీసి, హోమ్ ఫోల్డర్‌లో ఓపెన్‌బాక్స్ సెట్టింగుల చోట పెట్టుకుంటే, ఇక ఆ వినియోగదారుకు నకలే చెల్లుతుంది. సిస్టమ్ అప్‌డేట్‌లు దాని జోలికి రావు. నకలు చెడితే తొలగించండి, పాత మెనూ తిరిగి వస్తుంది. ఎక్కువగా జరిగే తప్పులు రెండే: తెరిచిన ట్యాగ్‌ను మూయకపోవడం, పేర్ల మధ్య ‘&’ గుర్తును నేరుగా రాయడం. ఈ ఫైలును ట్యాగ్‌లతో రాసే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో ఆ గుర్తుకు వేరే అర్థం ఉంది కనుక ‘జెరాక్స్, ప్రింట్’ అని కామాతో రాస్తే ఇబ్బంది ఉండదు. మార్పు కనబడడానికి లాగౌట్ కానక్కరలేదు, ఓపెన్‌బాక్స్‌కు రీకాన్ఫిగర్ ఆదేశం ఇస్తే చాలు.

అపోహ: మెనూ నుంచి తీసేస్తే ప్రోగ్రామే పోతుంది.

వాస్తవం: పోదు, కానీ ఎలా తీస్తున్నామన్నది ముఖ్యం. ప్యానెళ్లు, రోఫీ వంటి లాంచర్లు (పేరు టైప్ చేస్తే ప్రోగ్రామ్‌ను వెతికి తెరిచేవి) చదివేది ‘డాట్ డెస్క్‌టాప్’ ఫైళ్లను, అంటే ఒక్కో ప్రోగ్రామ్ పేరు, దాన్ని నడిపే ఆదేశం వంటివి ఉండే చిన్న టెక్స్ట్ ఫైళ్లను. ఓపెన్‌బాక్స్ సొంత మెనూ వాటిని తనంతట తాను చదవదు. ఆ ఫైలును అదే పేరుతో హోమ్ ఫోల్డర్‌లోని అప్లికేషన్స్ చోటికి నకలు చేసి, అందులో ‘నో డిస్‌ప్లే’ను ట్రూ చేస్తే ప్రోగ్రామ్ జాబితాలో కనబడదు, అయినా దానికి సంబంధించిన ఫైళ్లను తెరుస్తూనే ఉంటుంది. ‘హిడెన్’ను ట్రూ చేస్తే మాత్రం ఆ వినియోగదారు వరకు అది లేనట్టే లెక్క. పీడీఎఫ్ వ్యూయర్‌ను దాచాలనుకుని రెండోది వాడితే, విద్యార్థి హాల్ టికెట్ దించుకుని డబుల్ క్లిక్ చేసినప్పుడు ఆ వ్యూయర్‌లో తెరుచుకోదు. నెట్ సెంటర్లలో ఎప్పుడూ మొదటిదే వాడాలని నా సలహా.

ఈ ఫైళ్లలో ఆదేశం రాసే ‘ఎగ్జెక్’ వరుసను షెల్ (టెర్మినల్‌లో మన ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రామ్) చదవదని కూడా తెలుసుకోవాలి. హోమ్ ఫోల్డర్‌కు బదులు రాసే అలగీత (~) అక్కడ పనిచేయదు. పూర్తి దారి రాయాల్సిందే. టెర్మినల్‌లో నడిచిన ఆదేశం లాంచర్‌లో నడవకపోతే ముందుగా చూడవలసింది ఇదే.

అపోహ: మెనూల్లో తెలుగు కుదరదు, ఒత్తులు విడిపోతాయి.

వాస్తవం: అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఈ అపోహ, ఎందుకంటే దీనివల్లే ఇంగ్లీషు అంతగా రానివారికి సైతం ఇంగ్లీషు మెనూలే అంటగడుతున్నారు. అక్షరాలు విడిపోవడానికి కారణం తెలుగూ కాదు, లినక్సూ కాదు. ఆ మెనూను తెరపై గీసే లైబ్రరీ. డీమెనూ అనే లాంచర్ వాడే ఎక్స్‌ఎఫ్‌టీ లైబ్రరీ ఒక్కో కోడ్‌కు ఒక్కో ఆకారం గీసుకుంటూ పోతుందే తప్ప హల్లునూ ఒత్తునూ గుణింతాన్నీ కలిపి కూర్చదు. ఓపెన్‌బాక్స్, రోఫీ వాడే పాంగో లైబ్రరీ ఆ కూర్పు పనిని అందుకోసమే ఉన్న హార్ఫ్‌బజ్‌కు అప్పగిస్తుంది కనుక అక్కడ తెలుగు సరిగ్గా వస్తుంది. లోహిత్ తెలుగు గాని, నోటో సాన్స్ తెలుగు గాని ఫాంట్‌గా ఉండి, మెనూ అక్షరాల సైజు కొంచెం పెంచితే చదవడానికి హాయిగా ఉంటుంది. కొత్త లాంచర్‌ను ‘విజయనగరం’ అని రాసి పరీక్షించకండి; అందులో ఒత్తు లేదు కనుక లోపం పూర్తిగా బయటపడదు. ‘శ్రీకాకుళం’ అని రాస్తే మొదటి అక్షరంలోనే తేలిపోతుంది.

మరో చిక్కు ఉంది. డెస్క్‌టాప్ ఫైలులో తెలుగు పేరుకు ప్రత్యేకించిన వరుస, సిస్టమ్ సందేశాల భాష తెలుగుగా ఉంటేనే పనిచేస్తుంది. మన దగ్గర అధిక శాతం యంత్రాలు ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక, నకలులోని అసలు ‘నేమ్’ వరుసలోనే తెలుగు పేరు రాయాలి. పేరు తెలుగైనా రోఫీలో వెతకడానికి ఆటంకం లేదు. అది పేరుతోపాటు కీలకపదాలనూ ఆదేశాన్నీ చూస్తుంది కనుక ఇంగ్లీషులో టైప్ చేసినా దొరుకుతుంది. ఓపెన్‌బాక్స్ మెనూలోనైతే ప్రతి పేరుకు ముందు అండర్‌స్కోర్, దాని వెంట ఒక అంకె పెట్టండి. మెనూ తెరిచి ఆ అంకె నొక్కితే పని మొదలవుతుంది, కీబోర్డ్ భాష మార్చుకునే అవసరం రాదు.

అపోహ: తెరపై బొమ్మ చూపే పాత ఎక్స్ వ్యవస్థ స్థానంలో వేలాండ్ వచ్చింది, ఇవన్నీ నేర్చుకోవడం వృథా.

వాస్తవం: ఓపెన్‌బాక్స్ చివరి విడుదల 3.6.1 వచ్చింది 2015లో, అది ఎక్స్ కోసం రాసినది, నిజమే. అయితే వేలాండ్‌పై నడిచే ల్యాబ్‌డబ్ల్యూసీ, ఓపెన్‌బాక్స్ చేసే పనే చేసే ప్రోగ్రామ్, అదే మెనూ ఫైలు పద్ధతిని పాటిస్తుంది. 2024 అక్టోబరు నుంచి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్‌లో అప్రమేయంగా (డిఫాల్ట్‌గా) ఉన్నది అదే. డెస్క్‌టాప్ ఫైళ్లలో మార్చవలసింది ఏమీ లేదు. పాత మెనూ ఫైలును కొత్త ఫోల్డర్‌లోకి నకలు చేసి, ఎక్స్‌కు మాత్రమే చెందిన ఆదేశాలను తొలగిస్తే, మిగతా తెలుగు పేర్లన్నీ ఉన్నవి ఉన్నట్టే అక్కడికి వస్తాయి.