ఎండలో పెట్టిన దుంగ ఎండినట్టు కాదు

"అన్నా, నెల రోజులు మేడ మీద ఎండలో పెట్టాను. బాగా ఎండిపోయింది, ల్యాంప్ చేసిపెట్టు." ప్రతి వేసవిలో ఈ మాటతో దుంగ మోసుకుని నా షెడ్డుకి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పోయిన వారం ఒకావిడ వాళ్ళ నాన్నగారు నాటిన మామిడి చెట్టు కొమ్మ తెచ్చారు. గాలివానకి కూలిందట. రెండు చివర్లా పగుళ్ళు. "నేనే పాడు చేశానా?" అని అడుగుతుంటే ఆవిడ గొంతు వణికింది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎండలో పెడితే చెక్క త్వరగా ఆరుతుంది.

వాస్తవం: ఆరేది పైపొర ఒక్కటే. లోపల పచ్చిగానే ఉంటుంది. ఆరిన పొర ముడుచుకోవాలని చూస్తుంది, లోపలి పచ్చి చెక్క ముడుచుకోనివ్వదు. ఇక పగలక ఏం చేస్తుంది? నీళ్ళు అన్నిటికన్నా వేగంగా పోయేది కోసిన చివర్ల నుంచి కాబట్టి చీలిక అక్కడే మొదలవుతుంది. పైగా చెక్క అన్ని వైపులా ఒకేలా కుదించుకోదు. నడిమి నుంచి బెరడు వైపు ఎంత తగ్గుతుందో, వలయాల చుట్టూ దాదాపు దానికి రెట్టింపు తగ్గుతుంది.

చెట్టు కోసిన రోజే రెండు చివర్లకీ మైనమో, మిగిలిపోయిన పెయింటో దట్టంగా పూయండి. లావు దుంగైతే నడిమికి రెండుగా చీల్చండి. నీడలో, గాలి ఆడేచోట, నేలకి తగలకుండా పెట్టండి. అంగుళం మందానికి ఏడాది అన్నది మోటు లెక్క. నేను నమ్మేది తూకాన్ని. ప్రతి ఆదివారం తూచి, బరువు దుంగ మీదే రాస్తాను. మూడు నాలుగు వారాలు అంకె మారకపోతే ఆరినట్టు. తొందరుంటే పచ్చిగా ఉన్నప్పుడే లేత్ (చెక్కని గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) మీద మోటుగా తిప్పి, వ్యాసంలో పదో వంతు అదనంగా వదిలి, పొట్టు నింపిన అట్టపెట్టెలో దాచి, ఆరాక మళ్ళీ తిప్పుతాను. వైరు కోసం నిలువునా వేసే రంధ్రం కూడా మొదటిసారే వేసేస్తే మేలు. పగుళ్ళు పుట్టే నడిమి భాగం దాంతోనే పోతుంది.

నేను దీన్ని డబ్బు పోగొట్టుకునే నేర్చుకున్నాను. మొదట్లో అమ్మిన ఒక ల్యాంప్ విశాఖ సముద్రపు గాలి నుంచి హైదరాబాద్‌లో ఏసీ గదికి వెళ్ళింది. నెల తిరక్కుండా ఫోటో వచ్చింది, పైనుంచి కిందిదాకా చీలిక. డబ్బు వెనక్కిచ్చి ల్యాంప్ తెప్పించుకున్నాను. ఇప్పుడు దాని చీలికలో నా పెన్సిళ్ళు ఉంటాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

టేకే మంచిది, అంకుడు నాసిరకం అంటారు. 2017లో జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకు అని చట్టం ఇచ్చే ముద్ర) వచ్చిన ఏటికొప్పాక బొమ్మలు తయారయ్యేది ఆ అంకుడు కర్రతోనే. మెత్తగా తెగుతుంది, లక్క చక్కగా పడుతుంది. (కుంకుడు కాదండీ, అంకుడు. ఈ మాట రోజుకొకసారి చెప్తాను.)

లక్క అంటే పెయింట్ కాదు. తిరుగుతున్న చెక్కకి లక్క కడ్డీ అదిమితే, ఆ రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు. వేడికి కరిగి అంటింది వేడికే మెత్తబడుతుంది కదా! అందుకే లక్క వేసిన ల్యాంప్‌లో 60 వాట్ల పాత రకం బల్బు పెట్టొద్దంటాను. చిన్న ఎల్ఈడీ పెట్టుకోండి, లక్క గురించి టెన్షన్ ఉండదు.

కొత్తగా లేత్ కొన్నవాళ్ళు చేతికి గ్లౌజులు వేసుకుంటే క్షేమం అనుకుంటారు. దయచేసి వద్దు. తిరిగే చెక్క గ్లౌజు అంచుని పట్టిందంటే చెయ్యంతా లాగేస్తుంది. వదులు చొక్కా చేతులూ అంతే. కళ్ళకీ ముఖానికీ మాత్రం షీల్డ్ తప్పనిసరి.

ఆవిడ మామిడి కొమ్మ సంగతి: పగిలిన చివర్లు రంపంతో కోసేస్తే అడుగున్నర గట్టి ముక్క మిగిలింది. మంచం పక్కన పెట్టుకునే పొట్టి ల్యాంప్‌కి అది చాలు. మైనం పూశాను, తూచాను, 6 కిలోల 400 గ్రాములు. సంక్రాంతి వెళ్ళాక ఒకసారి ఫోన్ చేయమన్నాను.