గ్రీకు అంకెల మార్పిడి: పట్టిక ఎందుకు తప్పదు

తిరుపతిలో ఇంజనీరింగ్ చదివేవారికి రోమన్ అంకెల మార్పిడి పరిచయమున్న అభ్యాసమే. ఆ ధైర్యంతోనే గ్రీకు అంకెలకు దిగి, ఆల్ఫాకు 1, బీటాకు 2 అంటూ అక్షరాల వరుసనే నమ్ముకుని లూప్ రాస్తే లెక్క 6 దగ్గరే తప్పుతుంది. దీని మూలం గ్రీకు లిపి చరిత్రలో ఉంది. అందుకే ప్రతి గుర్తుకూ దాని విలువను చూపే పట్టిక కావాలి.

అక్షరాలకే విలువలిచ్చే ఈ అయోనియన్ పద్ధతికి ఒకట్లు, పదులు, వందలకు తొమ్మిదేసి చొప్పున 27 గుర్తులు కావాలి. వర్ణమాలలో చివరకు నిలిచినవి 24 మాత్రమే. డిగామా, కొప్పా, సాంపీ మామూలు రాతలోంచి తప్పుకున్నా 6, 90, 900లుగా లెక్కల్లో మిగిలాయి; డిగామా రూపం మారి తర్వాతి కాలంలో స్టిగ్మా అయింది.

కంప్యూటర్లో గ్రీకు అక్షరాలకు సంకేతసంఖ్యలిచ్చిన 1987 నాటి ఐఎస్ఓ 8859-7 ప్రమాణం ఆధునిక గ్రీకుకు కావలసినవి తీసుకుని ఈ మూడింటినీ వదిలేసింది. ప్రపంచ లిపులన్నిటికీ సంకేతసంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణం వాటికి చోటిచ్చినా, వాటి చిన్నబడి రూపాలు 1999లో మూడో వెర్షన్‌తో గానీ రాలేదు. అందువల్ల 5 విలువగల చిన్న ఎప్సిలాన్ సంకేతసంఖ్య 949, 7 విలువగల జీటాది 950 కాగా, నడుమ ఉండవలసిన స్టిగ్మా ఎక్కడో 987లో ఉంది. 100 విలువగల రో 961, 200 విలువగల సిగ్మా 963. మధ్యలోని 962 పదాంత సిగ్మాది, దానికి సొంత విలువ లేదు. రూపం స్టిగ్మాను పోలినందున దాన్నే 6గా టైప్ చేసేవారున్నారు. నేటి గ్రీసులో సిగ్మా, టౌ కలిపి 6గా రాయడం వాడుక. చదివే ప్రోగ్రాం ఈ మూడింటినీ ఒప్పుకోవాలి.

2024ను రాయాలంటే విలువను వేయి రెట్లు చేసే దిగువ ఎడమ గుర్తుతో బీటా (2000), ఆపైన కప్పా (20), డెల్టా (4) చాలు. వందల అక్షరం లేదు, సున్నా అక్కరలేదు. ఇది అంకె అని తెలిపేందుకు చివర పెట్టే కెరాయియా గుర్తు సంకేతసంఖ్య 884. సమానమైన సంకేతాలను ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ సాధారణీకరణ చేస్తే అది 697గా మారుతుంది, కాబట్టి నేరుగా పోల్చి చూసే కోడ్ అక్కడ విఫలమవుతుంది.

తిరుమల ఆలయ శాసనాల్లో అధిక భాగం తమిళంలో ఉన్నాయి. తమిళ సంప్రదాయ అంకెల్లోనూ 10, 100, 1000లకు విడి గుర్తులున్నాయి గానీ, అక్కడ 20 రాయడానికి రెండును పది గుర్తు ముందు ఉంచి గుణించాలి. గ్రీకులో కప్పా ఒక్కటే 20, మిగిలిందంతా కూడికే.

కూడికే కనుక డెల్టా, కప్పా ఏ క్రమంలో ఉన్నా 24 వస్తుంది. క్రమం తప్పితే పట్టుకోవడానికి, వచ్చిన సంఖ్యను తిరిగి గ్రీకులోకి మార్చి మూలంతో పోల్చడం అధ్యాయ సంఖ్యలకు మంచి పరీక్ష. కొన్ని ప్రాచీన శాసనాల్లో చిన్న విలువే ముందు వస్తుంది కనుక, వాటిని చదివే ప్రోగ్రాంకు మాత్రం ఈ కట్టడి పెట్టకూడదు.