వల నిండిందంటే సముద్రం నిండుగా ఉన్నట్టేనా?

సముద్రంలో చేపలు తగ్గిపోతున్నాయన్న మాట ఎత్తగానే "చెరువుల్లో పెంచుకుంటే పోలా?" అనేవాళ్లు ఎక్కువ. వినడానికి బాగానే ఉంటుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద పెంపకం ద్వారా వచ్చిన చేపలు, రొయ్యల్లాంటి జలచరాల ఉత్పత్తి వేటలో దొరికినదాన్ని మొదటిసారి దాటేసింది కూడా. మరి సముద్రం ఊపిరి పీల్చుకుందా అంటే లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల్లో 2021 నాటికి సముద్రపు చేపల నిల్వల్లో 37.7 శాతం మితిమీరిన వేటకు గురవుతున్నవే. ఇదెలాగో తెలియాలంటే ముందు వలను, తర్వాత మేతను చూడాలి.

వేటలో అసలు చిక్కు ఏమిటంటే, నీళ్లలో ఎన్ని చేపలున్నాయో ఎవరికీ కనపడదు. అందుకని వలలో ఎన్ని పడ్డాయో చూసి లోపల ఎన్ని ఉన్నాయో ఊహించుకుంటాం. ఈ ఊహ ఎంత దెబ్బ కొట్టగలదో కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ వాళ్లకు తెలుసు. అక్కడి కాడ్ చేపను వందల ఏళ్లు వేటాడారు, ఏమీ కాలేదు. వలల్ని ఈడ్చుకుంటూ పోయే పెద్ద పెద్ద ట్రాలర్లు దిగాక 1968లో ఒక్క ఏడాదిలోనే దాదాపు 8 లక్షల టన్నులు లాగేశారు. ఆ తర్వాత దిగుబడి పడిపోయింది, కొంత కోలుకున్నట్టు కనిపించింది, చివరికి 1992 జులైలో వేటే ఆపేయాల్సి వచ్చింది. సుమారు 30 వేల మంది ఉపాధి పోయింది. రెండేళ్లు ఆపితే చాలనుకున్నారు. నిషేధాన్ని అధికారికంగా ఎత్తేసింది 2024లో!

ముందే ఎందుకు కనిపెట్టలేకపోయారు? కాడ్ గుంపులుగా తిరిగే చేప. సంఖ్య తగ్గేకొద్దీ మిగిలినవి పలచగా చెదిరిపోకుండా కొన్నిచోట్ల దట్టంగా చేరాయి. పడవల్లో సోనార్ ఉంది, గుంపు ఎక్కడుందో చూపిస్తుంది. కాబట్టి వల వేసిన ప్రతిసారీ నిండుతూనే ఉంది, అధికారులు ఆ నిండిన వలల లెక్కలనే నమ్ముకుని చేపలు బోలెడున్నాయనుకున్నారు.

చేపల సంఖ్య పెరిగే తీరు కూడా మనం అనుకున్నట్టు ఉండదు. నీళ్ల నిండా చేపలుంటే తిండికి, చోటుకు పోటీ ఎక్కువై పిల్లలు పెద్దగా నిలదొక్కుకోవు. మరీ కొద్దిగా ఉంటే గుడ్లు పెట్టేవే కరువు. ఈ రెండిటికీ మధ్య ఎక్కడో, తేలికపాటి లెక్కలో అయితే సగం దగ్గర, పెరుగుదల అన్నిటికన్నా వేగంగా ఉంటుంది. ఏటా పెరిగేదాన్ని మాత్రమే పట్టుకుంటే ఆ వేట ఎన్నేళ్లయినా సాగుతుంది. ఆ మధ్య స్థాయికన్నా కిందికి నెట్టేస్తే ఎన్ని పడవలు పెంచినా, ఎంత డీజిల్ తగలేసినా వచ్చేది తక్కువే.

ఇక "చిన్న చేపల్ని వదిలేయండి, పెద్దవాటినే పట్టండి" అన్న సలహా ఉంది చూశారా, అది సగం మాత్రమే నిజం. ఒక్కసారైనా గుడ్లు పెట్టని పిల్ల చేపల్ని వదలాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ చాలా జాతుల్లో పది కిలోల ఆడ చేప ఒక్కటి పెట్టే గుడ్లు, కిలో చేపలు పది కలిసి పెట్టేవాటికన్నా ఎక్కువ ఉంటాయి. అంటే వల్లో పడిన భారీ చేపతో ఫొటో దిగే ముందు అదెన్ని పిల్లలకు తల్లో ఒకసారి ఆలోచించాలి. పైగా తరాల తరబడి పెద్దవాటినే ఏరేస్తూ పోతే, చిన్న సైజులోనే, తక్కువ వయసులోనే గుడ్లకొచ్చే చేపలే బతికి బట్టకడతాయి. న్యూఫౌండ్‌లాండ్ కాడ్‌లో ఆ మార్పు 1992కి ముందే కనిపించింది. అందుకే కొన్నిచోట్ల మరీ చిన్నదాన్నీ, మరీ పెద్దదాన్నీ రెండిటినీ వదిలేయాలన్న నిబంధన పెట్టారు. నా మటుకు నాకు ఇదే సబబుగా అనిపిస్తుంది, కానీ గాలానికైతే కుదురుతుంది గానీ వలకు అంత తేలిక్కాదు.

వలలోనూ తెలివైన మార్పులున్నాయి. మామూలు ట్రాల్ వల కన్ను డైమండ్ ఆకారంలో ఉంటుంది, పడవ లాగినప్పుడు బిగుసుకుని మూసుకుపోతుంది, దాంతో కన్ను ఎంత పెద్దదైనా పిల్ల చేప బయటికి రాలేదు. అదే కన్నును చదరంగా తిప్పి కడితే లాగుతున్నా తెరుచుకునే ఉంటుంది. రొయ్యల వలల్లో తాబేళ్లు చిక్కి ఊపిరాడక చనిపోకుండా, లోపల ఏటవాలుగా కడ్డీల చట్రం బిగిస్తారు: రొయ్యలు కడ్డీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న తలుపులోంచి బయటపడుతుంది.

ఇప్పుడు పెంపకం. మంచి చెరువు అంటే నాకు ముందు గుర్తొచ్చేది బొచ్చె, శీలావతి, మోసు కలిపి పెంచే పద్ధతి. బొచ్చె పైపైన తింటుంది, శీలావతి మధ్య నీళ్లలో, మోసు అడుగున. ఒకదాని తిండికి ఇంకొకటి పెద్దగా అడ్డు రాదు. గడ్డిచేపను కూడా వేస్తే అది తిన్న గడ్డి పెంటగా మారి నీటికి ఎరువవుతుంది, అందులో నాచు, సూక్ష్మజీవులు పెరిగి మిగతావాటికి మేతవుతాయి. అలాగని ఎరువు, మేత ఎక్కువైతే నాచు విపరీతంగా పెరిగి, పగలంతా ఆక్సిజన్ ఇచ్చినదే రాత్రంతా దాన్ని పీల్చేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే రైతుకు టెన్షన్ మొదలైనట్టే. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాలి, మేత ఆపాలి.

మాంసాహార చేపల కథ వేరు. సాల్మన్ ఒక కిలో పెరగడానికి 1.2 నుంచి 1.3 కిలోల మేత చాలంటారు. చేప ఒంటిని వెచ్చగా ఉంచుకోనక్కర్లేదు, నీళ్లలో తేలుతుంది కాబట్టి బరువు మోయనక్కర్లేదు, శక్తి ఖర్చు తక్కువ. అయితే ఇందులో చిన్న కిటుకుంది: మేత ఎండుది, చేపలో ఎక్కువ భాగం నీళ్లు, కాబట్టి ఆ లెక్క కనిపించినంత గొప్పది కాదు. అసలు ప్రశ్న ఆ మేత ఎక్కడిదన్నది. కిలో చేపల పొడికి నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి, అది కవ్వళ్లు, నెత్తళ్ల వంటి చిన్న చేపల నుంచే ఎక్కువగా వస్తుంది. పెరూ తీరంలో 1970లో 1.2 కోట్ల టన్నులు దాటిన నెత్తళ్ల వేట, సముద్రపు నీళ్లు వేడెక్కే ఎల్‌నినో కూడా తోడవడంతో మూడేళ్లలో కుప్పకూలింది. ఆ నెత్తళ్లలో చాలావరకు వెళ్లింది పొడి మిల్లులకే. చెరువులో పెంచితే సముద్రం బాగుపడుతుందన్న వాదన బెడిసికొట్టేది ఇక్కడే.

మారలేనిదేమీ కాదు. నార్వే సాల్మన్ మేతలో 1990లో దాదాపు 90 శాతం చేపల పొడి, చేప నూనే ఉండేవి. 2013 నాటికి అది మూడో వంతుకన్నా కిందికి దిగింది, ఆ చోట సోయా, ఇతర పంటలు వచ్చాయి. సోయా సాగుకూ నేల కావాలనుకోండి, అది ఇంకో గొడవ. యాంటీబయాటిక్స్ విషయంలో ఆ దేశం చేసింది ఇంకా గట్టిది. 1987లో సుమారు 50 టన్నులు వాడేవాళ్లు. చేప పిల్లలకు టీకాలు వేయడం మొదలుపెట్టాక, ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగి పది లక్షల టన్నులు దాటినా మందు ఇప్పుడు టన్ను లోపే. చేప ఒంటికి అతుక్కుని దాన్ని తినే సముద్రపు పేను మాత్రం వాళ్లను ఇప్పటికీ వదల్లేదు.

మేతే అక్కర్లేని పెంపకం ఒకటుంది. ఆల్చిప్పల్ని తాళ్లకు వేలాడదీస్తే నీళ్లలో తేలే నాచును వడకట్టుకుని అవే పెరుగుతాయి. మరీ దట్టంగా వేస్తే వాటి వ్యర్థాలు కిందికి చేరి అడుగున ఆక్సిజన్ పోతుంది. నీళ్లలో మురుగు కలిసిందా, అదీ వాటి ఒంట్లోనే చేరుతుంది, సరుకు అమ్మడానికి పనికిరాదు. అందుకే నీళ్లు పాడయ్యాయని మొదట గోల పెట్టేది తరచూ ఆల్చిప్పలు పెంచేవాళ్లే.