బడి గోడ మీది పది ఆజ్ఞలు: ఆ పాఠం ఏ రాతి మీదిది?

టెక్సస్ ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలోనూ పది ఆజ్ఞల పోస్టరు ఉండాలన్న చట్టం మీద గొడవ మళ్లీ రాజుకుంది. 2024లో లూసియానా మొదలుపెడితే, 2025లో ఆర్కన్సా, టెక్సస్ అదే దారి పట్టాయి. సీనాయి కొండ, మోషే, రెండు రాతి పలకల కథ తెలిసిందే కాబట్టి దాని జోలికి వెళ్లడం లేదు. అడగాల్సింది వేరే ఉంది. టెక్సస్ చట్టం అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టిన ఆ పాఠం ఎక్కడిది?

ఆస్టిన్‌లో, శాసనసభ ఆవరణలో 1961లో నిలిపిన ఒక గ్రానైటు రాతిది. ఎత్తు సుమారు ఆరడుగులు, వెడల్పు మూడున్నర. పైన జెండా పట్టిన గద్ద, కింద రెండు దావీదు నక్షత్రాలు, క్రీస్తుకు గుర్తైన గ్రీకు అక్షరాలు.

ఈ పాఠానికి మూలం 1940లలో మినెసోటా బాలల కోర్టు జడ్జి ఇ.జె. రూగమర్ ఆలోచన. దారి తప్పిన పిల్లలకు ఈ ఆజ్ఞలు తెలియాలనుకున్నారాయన. ఆయన సభ్యుడిగా ఉన్న ఫ్రటర్నల్ ఆర్డర్ ఆఫ్ ఈగల్స్ సంఘం ఆ పని భుజానికెత్తుకుంది. చిక్కంతా లెక్క దగ్గరే వచ్చింది. ‘నీ దేవుడనైన యెహోవాను నేనే’ అన్నదే యూదులకు మొదటిది. విగ్రహాల నిషేధాన్ని కాథలిక్కులు మొదటి ఆజ్ఞలో కలిపేస్తారు, ప్రొటెస్టెంట్లలో చాలామంది విడిగా రెండోదిగా లెక్కపెడతారు. మూడు వర్గాల ప్రతినిధులూ కూర్చుని అందరికీ సర్దుబాటయ్యే పాఠం కూర్చారు. 1956లో ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’ సినిమా తీసిన సెసిల్ బి. డిమిల్ తోడయ్యాక ఊరూరా రాళ్లు లేచాయి. అంటే ఇప్పుడు బడి గోడకెక్కుతున్నది ఏ ఒక్క మతం గ్రంథంలోనూ ఉన్నదున్నట్టు దొరకని పాఠం. మత గ్రంథాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అసలు మలుపు 2005 జూన్ 27. ఆ రాయి ఉండొచ్చని సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. అదే రోజు, అదే 5-4తో, కెంటకీ కోర్టు భవనాల్లో పెట్టిన ఆజ్ఞలు చెల్లవంది. రెండు వైపులా మొగ్గు తిప్పిన ఓటు ఒక్కరిదే, జస్టిస్ స్టీఫెన్ బ్రేయర్‌ది. ఆస్టిన్ రాయి నలభై ఏళ్లు ఎవరి అభ్యంతరమూ లేకుండా నిలిచింది, చుట్టూ ఎన్నో స్మారకాలున్నాయి అన్నారు. దాంతో ఆగలేదు. ఈ రాయి బడి ఆవరణలో లేదని, పిల్లల మనసులు ఇట్టే ప్రభావానికి లోనవుతాయి కాబట్టి బడుల్లో ప్రత్యేక జాగ్రత్త అవసరమని విడిగా రాశారు. చట్టం చేసినవాళ్లు రాతి మీది పాఠాన్ని తెచ్చుకున్నారు, ఆ రాతిని కాపాడిన వాదనను మాత్రం ఆస్టిన్‌లోనే వదిలేశారు.

బడుల మాట 1980లోనే తేలింది. కెంటకీ తరగతి గదుల పోస్టర్లను సుప్రీంకోర్టు కొట్టేసింది. వాటి ఖర్చు విరాళాలదే అయినా ఒప్పుకోలేదు. ఆ తీర్పు నిలబడ్డ కొలమానాన్ని, అంటే ప్రభుత్వం చేసే పనికి మతంతో సంబంధం లేని ఉద్దేశం ఉండాలన్న పరీక్షను, 2022లో ఆట ముగిశాక మైదానంలో ప్రార్థన చేసిన ఒక ప్రభుత్వ బడి ఫుట్‌బాల్ కోచ్ కేసులో కోర్టు పక్కనపెట్టి, చరిత్రను, సంప్రదాయాన్ని చూడాలంది. రాష్ట్రాల ధైర్యం అదే. ఈ ఆజ్ఞలు అమెరికా చట్టాలకు పునాది అన్నది వాళ్ల వాదన. కానీ 1980 తీర్పు చెల్లదని 2022 తీర్పులో ఎక్కడా లేదు.

టెక్సస్‌లో కోర్టుకెక్కినవాళ్లలో యూదులు, క్రైస్తవులు, హిందువులు, ఏ మతమూ లేనివాళ్లు ఉన్నారు. ‘నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు’ అన్న మాట ప్రభుత్వం పేరున రోజంతా బిడ్డ కళ్లెదుట ఉంటే, ఇంట్లో తాము నేర్పేది తప్పని వాడికి అనిపించదా అన్నది వాళ్ల బాధ. అందులో న్యాయముంది. 2025 ఆగస్టులో శాన్ ఆంటోనియో ఫెడరల్ జడ్జి ఫ్రెడ్ బియరీ 11 స్కూలు డిస్ట్రిక్టుల్లో (ఒక్కో ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థలు) అమలు ఆపారు. కేసులో లేనివి పాటించాల్సిందేనని రాష్ట్ర అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ అన్నారు. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే డాలస్ శివార్లలో, ఆ 11లో ప్లానో ఉంది, పక్కనే ఉన్న ఫ్రిస్కో లేదు.